క్రొత్తది వచ్చిన పాతది తొలగవలెనా?

వీడియో ఆటను మిక్కిలి శీఘ్రముగా ముగించుటను స్పీడ్‌రన్ అందురు. ఈ పందెమున క్రొత్త ఆటగాడు పాతవాని స్థానమును ఎప్పుడు పొందవలెను? త్వరగా ముగించిన చాలునా? చాలదు, సోదరీమణులారా!

1985లో జపాను దేశపు నింటెండో సంస్థ వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో 32 మజిలీలు కలవు. అందలి అడ్డుదారులు పట్టినచో 8 మజిలీలతోనే ఆట ముగియును. ప్రవీణులు ఐదు నిమిషములు నిండకుండగనే ముగించుచున్నారు. అట్టివాడు 32 మజిలీలును నడచినవానిని త్రోసిరాజనుట న్యాయము కాదు. అవి వేర్వేరు పందెములు. పట్టికలును వేర్వేరుగానే యుండవలెను. అట్లే సెకనుకు సుమారు 60 చిత్రములు చూపు యంత్రముపై నాడినవానిని 50 చిత్రముల యంత్రముపై నాడినవానితో పోల్చరాదు; యంత్రపు వేగము ఆటగాని నేర్పు కానేరదు. దృశ్యమును ముక్కలుగా నతికించి చూపిన గెలుపు అసలే చెల్లదు.

త్రోవయు యంత్రమును ఒకటియై, నిదర్శనము నిజమైనపుడు, ఒక్క సెకను తగ్గినను అగ్రస్థానము క్రొత్తవానిదే. జాలిచేత పాతవానిని నిలుపరాదు. కాని పాతవాని పేరు చెరిపివేయుటయు తగదు. అతడు కనిపెట్టిన యుపాయములపైననే గదా క్రొత్తవాడు పరుగిడినది!

మీ పిల్లలు ఇట్టి తగవు తెచ్చినపుడు, "ఎంతసేపటిలో?" అని యడుగుటకు ముందు "ఏ త్రోవను?" అని యడుగుడు.