మూగజీవికి అప్పగింతలు

మే, జూన్ నెలలు బదిలీల కాలం. రైల్వే క్వార్టర్ల ముందు, బ్యాంకు ఉద్యోగుల ఇళ్ల ముందు లారీలు ఆగుతాయి. బీరువాలు, మంచాలు, పూలకుండీలు, చివరికి రుబ్బురోలు కూడా లారీ ఎక్కుతాయి. పాత పత్రికలు తూకానికి పోతాయి. పాలవాడి బాకీ తీరుతుంది. తాళంచెవి ఇంటి యజమాని చేతికి చేరుతుంది. ప్రతి వస్తువుకూ ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఒక్క ప్రాణికి మాత్రం ఏ ఏర్పాటూ ఉండదు. లారీ కదిలినప్పుడు కుక్క దాని వెంట వీథి మలుపు దాకా పరుగెత్తుతుంది. తరువాత తిరిగి వచ్చి, తాళం వేసిన గుమ్మం ముందు పడుకొంటుంది.

బరంపురమైనా, బళ్లారి అయినా, షోలాపూర్ అయినా, హోసూరు అయినా ఈ దృశ్యం కొత్తది కాదు. ఇరుగుపొరుగువారు రెండు రోజులు అన్నం పెడతారు. ఆ తరువాత అది వీథికుక్కల్లో ఒకటవుతుంది, లేదా కనిపించకుండా పోతుంది. ఎవరూ దానిని కొట్టలేదు, చంపలేదు. అయినా అక్కడ ఒక తప్పు జరిగింది. ఆ తప్పు ఏమిటో, దానిని ఎలా తప్పించవచ్చునో ఆలోచించడం అవసరం.

పెంపుడు జంతువును ఇక ఉంచుకోలేని పరిస్థితి రావడం ఎవరి తప్పూ కాదు. తండ్రికి దూరప్రాంతానికి బదిలీ కావచ్చు. అద్దె ఇంటి యజమాని ఒప్పుకోకపోవచ్చు. పసిబిడ్డకు ఉబ్బసం ఉండి పిల్లి వెంట్రుకలు పడకపోవచ్చు. కుక్కను సాకుతూ వచ్చిన తాతగారు కాలం చేయవచ్చు. మగ్గం పని తగ్గి ఇంట్లోవారికే తిండి కరువు కావచ్చు. ఇటువంటివారిని దయలేనివారని నిందించడం న్యాయం కాదు. నిందిస్తే వారు సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా, చీకటివేళ ఆ జంతువును ఊరి బయట వదిలి వస్తారు. నింద వల్ల ఆ జంతువుకు ఒరిగేదేమీ లేదు. విడిపోక తప్పనప్పుడు ఎలా విడిపోయారన్నదే విచారించవలసిన విషయం.

తెలుగువారి పెళ్లిళ్లలో అప్పగింతలు అనే ఘట్టం ఉంది. సొంత ప్రాంతానికి దూరంగా తరతరాలుగా స్థిరపడిన ఎన్నో కుటుంబాల్లో కూడా ఇది నేటికీ జరుగుతుంది. పాలలో ముంచిన పెళ్లికూతురి చేతులను అత్తమామల చేతుల్లో పెట్టి, ఇన్నాళ్లూ ఇలా పెంచాము, ఇక మీరే చూసుకోవాలి అని తల్లిదండ్రులు చెబుతారు. ఆ మాటల్లో కన్నీరు ఉంటుంది. కన్నీటితోపాటు ఒక బాధ్యత ఒక చేతి నుంచి మరొక చేతికి మారుతుంది. మధ్యలో అది నేల మీద పడదు. అప్పగించడానికీ, వదిలించుకోవడానికీ ఉన్న తేడా ఇదే. వదిలించుకొనేవాడు తన బరువు దిగిందా లేదా అని చూస్తాడు. అప్పగించేవాడు అవతలి చేయి అందుకొన్నదా లేదా అని చూస్తాడు. మనుషులు పాటించే ఈ మర్యాదలో కొంతైనా మూగజీవికి దక్కాలి.

ప్రాచీన సాహిత్యంలో ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. కాళిదాసు రచించిన అభిజ్ఞాన శాకుంతలం నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయలుదేరుతుంది. వెనుక నుంచి ఏదో ఆమె వస్త్రాన్ని పట్టి లాగుతుంది. తిరిగి చూస్తే అది ఆమె పెంచిన లేడిపిల్ల. తల్లి చనిపోతే దానిని ఆమే సాకింది. పిడికిళ్లతో చామగింజలు తినిపించింది. దర్భమొన గుచ్చుకొని నోటికి గాయమైతే గారనూనె రాసింది. దానిని రాజధానికి తీసుకుపోవడం కుదరదు. ఇకపై తండ్రి చూసుకొంటాడని దానికి నచ్చజెప్పి ఆమె కన్నీటితో కదులుతుంది. ఆశ్రమం ఆ లేడికి తెలిసిన చోటు. కణ్వుడు దానికి తెలిసిన మనిషి. విడిచి వెళ్లక తప్పనివారికి ఇంతకంటె మంచి మాదిరి లేదు.

మహాభారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. అది మహోన్నతమైన ఆదర్శం. అది అందరికీ సాధ్యం కాదు. సాధ్యం కానివారికి శకుంతల చూపిన దారి ఉంది. గుమ్మానికి తాళం వేసి వెళ్లిపోవడం మాత్రం ఈ రెండు దారుల్లో ఏదీ కాదు.

"దేవుడిచ్చిన ప్రాణం, ఎక్కడో ఒకచోట బతుకుతుంది" అని కొందరంటారు. ఈ మాట తమను తాము ఓదార్చుకోవడానికే పనికివస్తుంది. వీథికుక్కలకు వాటి వాటి హద్దులు ఉంటాయి. కొత్త కుక్క ఆ హద్దులోకి వస్తే అన్నీ కలిసి తరుముతాయి, కరుస్తాయి. ఇంట్లో పెరిగిన కుక్కకు చెత్తకుప్పలో తిండి వెదకడం, వాహనాల నుంచి తప్పుకోవడం తెలియవు. చలిదేశాలకు చెందిన సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి జాతుల కుక్కలు ఇక్కడి ఎండలకు ఆరుబయట తట్టుకోలేవు. పిల్లి చోటును ఎక్కువగా అంటిపెట్టుకొని ఉంటుంది. దూరంగా వదిలితే పాత ఇంటిని వెదుక్కొంటూ రోడ్ల మీద పడుతుంది. దీనివల్ల ఊరికి కూడా నష్టమే. టీకా వేయించని కుక్కకు రేబిస్ సోకవచ్చు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని కుక్క వీథిలోనే ఈనుతుంది. వీథికుక్కలు పెరిగిపోయాయని మునిసిపాలిటీని నిందించేవారిలో కొందరు ఆ సంఖ్యకు తామూ ఒకటి చేర్చినవారే.

చట్టం కూడా ఈ పనిని తప్పుగానే చూస్తుంది. మద్రాసులో 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభ సభ్యురాలిగా నియమితులయ్యారు. జంతువుల పట్ల క్రూరత్వాన్ని అరికట్టడానికి ఆమె సభలో బిల్లు ప్రవేశపెట్టారు. ఆ కృషి వల్ల 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. తగిన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలిపెట్టడం ఈ చట్టం ప్రకారం శిక్షార్హం. అయితే మొదటిసారి చేసిన తప్పుకు చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. జరిమానా చిన్నదైనంత మాత్రాన తప్పు చిన్నది కాదు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో ప్రాణుల పట్ల దయ కలిగి ఉండడం కూడా చోటు చేసుకొంది. విధిని జరిమానాతో కొలవరు.

మనుషులకే దిక్కులేనప్పుడు కుక్క కోసం ఇంత శ్రమ అవసరమా అని మరికొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. పేదవాడి ఆకలి కంటె పెంపుడు కుక్క సుఖం ముఖ్యమని ఎవరూ అనరు. కాని ఇక్కడ అడుగుతున్నది దానం కాదు. తల్లి దగ్గర నుంచి తెచ్చి, తిండి కోసం తన చేతి మీదనే ఆధారపడేటట్లు పెంచినవాడు దానికి బాకీ పడ్డాడు. పాలవాడి బాకీ తీర్చి ఊరు విడిచినవాడు ఈ బాకీని మాత్రం ఎగవేయడం ఏ న్యాయం? పైగా దీనిని తీర్చడానికి డబ్బు కంటె ఓపిక ఎక్కువ కావాలి.

అప్పగింతకు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. విడిపోక నిజంగా తప్పదా? రైల్లో మొదటి తరగతి ఏసీ బోగీలో గది మొత్తం రిజర్వు చేసుకొంటే కుక్కను వెంట తీసుకుపోవచ్చు. లేకపోతే రుసుము చెల్లించి గార్డు పెట్టెలోని కుక్కల గూటిలో పంపవచ్చు. పెంపుడు జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం నివాస సంఘాలకు లేదని జంతు సంక్షేమ మండలి 2015లో స్పష్టం చేసింది. అతిగా మొరగడం, మీదికి ఎగబడడం వంటి అలవాట్లను శిక్షణతో చాలావరకు మాన్పవచ్చు. కారణం తొలగితే ఎడబాటే అక్కర లేదు.

తప్పదని తేలితే మాత్రం లారీ వచ్చే రోజు దాకా ఆగకూడదు. నెల, రెండు నెలల ముందే వెదకడం మొదలుపెట్టాలి. మొదట అడగవలసినవారు ఆ జంతువును ఎరిగినవారే. పక్కింటివారు, బంధువులు, రోజూ వచ్చే పాలవాడు, పశువైద్యశాలలోని కాంపౌండరు ఈ కోవలోకి వస్తారు. అడిగిన మొదటివారికే ఇచ్చివేయడం తొందరపాటు. ఆ ఇంట్లో అందరూ ఒప్పుకొన్నారా, పగలంతా గొలుసుతో కట్టి ఉంచుతారా, ఇంతకుముందు పెంచిన జంతువు ఏమైంది అని విచారించాలి. వీలైతే ఆ ఇంటికి వెళ్లి చూడాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

అవతలివారికీ నిజం తెలుసుకొనే హక్కు ఉంది. కుక్క ఎవరినైనా కరిచి ఉంటే ఆ సంగతి దాచకూడదు. దాచి ఇస్తే ఆ ఇంటి పిల్లలకు ప్రమాదం, కుక్కకు మళ్లీ వీథే గతి. టీకాల కార్డును, మందుల చీటీలను వెంట ఇవ్వాలి. అది పడుకొనే గోనెపట్టాను, అన్నం తినే గిన్నెను కూడా పంపాలి. పరిచయమైన వాసన దానికి ధైర్యమిస్తుంది.

ఈ పనిలో పిల్లలకు పెద్దపాత్ర ఉంది. జంతువు సంగతులు ఇంట్లో అందరికంటె వారికే బాగా తెలుసు. ఉరుములకు, టపాకాయలకు భయపడి మంచం కిందికి దూరుతుందని, పెరుగన్నం ఇష్టమని, గొడుగు తెరిస్తే మొరుగుతుందని, చెవి వెనుక గోకితే కళ్లు మూసుకొంటుందని వారు ఒక కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. తెలుగు ఇంట్లో పెరిగిన కుక్కకు రా, కూర్చో, వద్దు వంటి తెలుగు మాటలే తెలుసు. అది కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మాట్లాడే ఇంటికి వెళుతుంటే ఆ మాటలను ఆ ఇంటివారి లిపిలో రాసి పంపడం రెండు భాషలు చదువుకొన్న పిల్లలకు కష్టం కాదు. కొత్త యజమాని నోట పాత మాట వినబడితే దానికి కొత్త ఇల్లు తొందరగా అలవాటవుతుంది.

ఇచ్చిన తరువాత కూడా కొంత బాధ్యత మిగిలే ఉంటుంది. కొత్తచోట కుక్క రెండు మూడు రోజులు సరిగా తినకపోవచ్చు. పిల్లిని రెండు మూడు వారాలు ఇల్లు దాటనీయకూడదు. ఈ సంగతులు ముందే చెబితే కొత్తవారు బెదిరిపోరు. అప్పుడప్పుడు క్షేమం విచారించాలి. అక్కడ పొసగకపోతే మరొక ఇల్లు వెదకడానికి సిద్ధంగా ఉండాలి.

ఎవరూ దొరకనప్పుడు శరణాలయాలు ఉన్నాయి. మద్రాసులో 1959లో మొదలైన బ్లూ క్రాస్ వంటి సంస్థలు ఎన్నో జంతువులను ఆదుకొన్నాయి. అయితే అక్కడి చోటు గాయపడిన, దిక్కులేని జంతువులకు మొదట దక్కాలి. ఇల్లు వెదికే ఓపిక లేక ఆరోగ్యమైన కుక్కను అక్కడ దింపి రావడం ఒక గాయపడిన జంతువు చోటును లాక్కోవడమే. రామచిలుక, నక్షత్ర తాబేలు వంటి వాటి సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని ఇళ్లలో ఉంచరాదు. వీటిని మరొకరికి ఇవ్వకూడదు, పంజరం తలుపు తీసి వదలకూడదు. పంజరంలో పెరిగిన చిలుకకు మేత వెదుక్కోవడం తెలియదు. అటవీశాఖ వారికి అప్పగించడమే సరైన పద్ధతి.

అన్నిటికంటె మంచి ఆలోచన జంతువును తెచ్చే రోజున చేసేది. కుక్క సాధారణంగా 10 నుంచి 15 సంవత్సరాలు బతుకుతుంది. మూడో తరగతి పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకొన్న కుక్కపిల్ల అతడు డిగ్రీ పూర్తి చేసేదాకా ఉండవచ్చు. అన్నాళ్లూ దానిని ఎవరు చూస్తారు, తాము చూడలేని రోజు వస్తే ఎవరి చేతికి ఇస్తారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే దానిని ఇంట్లోకి తేవాలి.

బదిలీలు ఆగవు. అద్దె ఇళ్లు మారక తప్పదు. కాని లారీ కదిలేనాడు ఆ కుక్క వీథిలో పరుగెత్తకూడదు. మరొక గుమ్మంలో, తన పాత గోనెపట్టా మీద, తన పాత గిన్నె పక్కన పడుకొని ఉండాలి.