ఒక్కొక్కరికి ఒక్కో మాట

పెళ్లిళ్ల పేరయ్యల సంగతి మనకు తెలిసిందే. ఆడపిల్ల వాళ్లింట్లో "అత్తపోరు ఉండదమ్మా" అంటారు. మగపిల్లాడి వాళ్లింట్లో "కోడలు అత్తగారిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటుంది" అంటారు. రెండిళ్ల వాళ్లూ కలిసి మాట్లాడుకునేదాకా అసలు విషయం బయటపడదు. ఐసిస్ వాళ్లు మనుషుల్ని ఎలా పోగుచేశారో చదువుతుంటే నాకు ఈ పోలికే తట్టింది. కాకపోతే పెళ్లి చెడితే పుట్టింటికి రావచ్చు. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఆ దారి కూడా లేకపోయింది.

ఐసిస్ అనగానే మనకు నల్ల జెండా, తలలు నరికే వీడియోలు గుర్తొస్తాయి. అవి శత్రువుల్ని భయపెట్టడానికి, ఆవేశంలో ఉన్న కుర్రాళ్లని రెచ్చగొట్టడానికి. 2014లో ఇంగ్లీషులో దాబిక్ అనే పత్రిక పెట్టారు. తర్వాత ఫ్రెంచి, టర్కిష్, రష్యన్ భాషల వాళ్లకి వేరే పత్రికలు.

ఆడపిల్లలకి చెప్పింది ఇంకో రకం. పిల్లికూనల ఫొటోలు, కొత్త స్నేహితురాళ్ల కబుర్లు. 2013లో గ్లాస్గో నుంచి సిరియా వెళ్లిన ఒక అమ్మాయి తన బ్లాగులో ఏం రాసిందో తెలుసా? అద్దె లేని ఇల్లు, ఉచితంగా కరెంటు, నీళ్లు, ఫ్రిజ్, ఓవెన్ ఇస్తారని! అవి ఎవరింట్లోంచి దోచుకొచ్చినవో ఆలోచించకుండా.

మరి గల్ఫ్ దేశాల ఆడవాళ్లకి? 2015 జనవరిలో అల్ ఖన్సా అనే వాళ్ల మహిళా దళం పేరుతో అరబిక్‌లో ఒక పత్రం వచ్చింది. ఆడదాని చోటు ఇల్లేనని, తొమ్మిదేళ్ల పిల్లకి పెళ్లి చెయ్యొచ్చని అందులో ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది వాళ్లు కాదు, తీవ్రవాదాన్ని వ్యతిరేకించే క్విలియం అనే లండన్ సంస్థ. సాహసం చేద్దాం రమ్మని లండన్ పిల్లల్ని పిలిచేవాళ్లకి ఆ పత్రంతో పనేముంది?

మరుసటి నెలలోనే లండన్‌లోని బెత్నల్ గ్రీన్ నుంచి ముగ్గురు స్కూలు పిల్లలు సిరియా వెళ్లిపోయారు. పదిహేను, పదహారేళ్ల వాళ్లు. అంతకుముందే వాళ్ల స్నేహితురాలు ఒకమ్మాయి వెళ్లిపోవడంతో, పోలీసులు తల్లిదండ్రుల కోసం ఉత్తరాలు రాసి ఈ పిల్లల చేతికే ఇచ్చారు. పిల్లలు వాటిని దాచేశారు. ఇళ్లలో తెలిసేసరికి అంతా అయిపోయింది. ఆ తల్లుల గురించి తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఇలాంటివి విన్నప్పుడు చాలామంది ఫోన్ లాక్కుంటే సరిపోతుందంటారు. నాకలా అనిపించదు. మతాన్ని తిట్టడం కూడా దారి కాదు, వాళ్ల చేతుల్లో ఎక్కువగా చచ్చింది ముస్లింలే. మాటని మనిషికి తగ్గట్టు మార్చేవాడికి మన పిల్లకి ఏ లోటుందో తెలుసు. ఒంటరితనమా, కోపమా, గుర్తింపు లేదన్న బాధా అని కనిపెట్టి దానికే మందేస్తాడు. ఆ లోటు ఇంట్లో మనకి ముందు తెలియాలి.

ఇంకొకటి. ఏ గుంపైనా సరే, వాళ్ల మాట నచ్చినప్పుడు "వీళ్లు ఇదే మాట ఇంకొకళ్లకి ఎలా చెబుతున్నారు?" అని అడగడం పిల్లలకి నేర్పాలి. మనం కూడా స్కూలుతోను, పిల్లల స్నేహితుల అమ్మలతోను నేరుగా మాట్లాడుతూ ఉండాలి. ముఖ్యమైన కబురు పిల్లల చేతికిచ్చి పంపేది కాదు.