శంకుస్థాపనలో శంకువు ఏది?

కొమరోలులో ఎవరైనా సొంతిల్లు మొదలుపెడితే ‘ముగ్గు పోసుకున్నాం’ అంటారు. ప్రభుత్వం మొదలుపెడితే అది శంకుస్థాపన. ఆహ్వాన పత్రాల్లో, ఫ్లెక్సీల మీద ఈ మాట తరచూ ‘శంఖుస్థాపన’ అయిపోతోంది. ఊదే శంఖానికీ దీనికీ సంబంధం లేదు. శంకువు అంటే మేకు, గూటం.

ఆ గూటం ఉత్త పూజావస్తువు కాదు. చదును చేసిన నేలలో దాన్ని నాటి, చుట్టూ తాడుతో వలయం గీసేవారు. పొద్దున నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండింటినీ కలిపితే తూర్పు పడమరలు తేలతాయి. కాత్యాయన శుల్బసూత్రంలోనే ఈ పద్ధతి ఉంది. సూర్యసిద్ధాంతం నాటికి 12 అంగుళాల శంకువు నీడను కొలిచే సాధనంగా స్థిరపడింది. రోమన్ పూజారులు పక్షులు ఎగిరే తీరు చూసి శకునం చెప్పేవారు; ఇంగ్లీషువారి ‘ఇనాగురేషన్’ అక్కడి నుంచే వచ్చింది. మన మాట మాత్రం కొలతలోంచి పుట్టింది. కొలత లేనిచోట దాన్ని వాడటం అన్యాయం.

కొమరోలు ఉన్న పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి ఆ అన్యాయం అనుభవమే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో చంద్రబాబునాయుడు శంకుస్థాపన చేశారు. పనులు ఊపందుకున్నది 2004 తర్వాత, రాజశేఖరరెడ్డి హయాంలో. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల నీటిని నల్లమల కొండల్లో తొలిచిన జంట సొరంగాల గుండా తేవాలి. ఒక్కో సొరంగం సుమారు 18.8 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులకు అడ్డుకట్టలు కట్టి ఆ నీటిని నిలపాలి. సాగు లక్ష్యం 4.47 లక్షల ఎకరాలు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్న నేలకు తాగునీటి ఆశ కూడా ఇదే.

2024 మార్చిలో జగన్మోహన్‌రెడ్డి ఆ సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికి నీరు పారలేదు. ఫీడరు కాలువ పని, ముంపు కుటుంబాల పునరావాసం మిగిలే ఉన్నాయి.

శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య 28 ఏళ్లు. ఈ ఆలస్యం ఒక్క పార్టీ ఖాతాలో పడేది కాదు. అందుకే ఇకనుంచి ప్రతి శిలాఫలకం మీద అతిథుల పేర్లకంటే ముందు మూడు సంగతులు చెక్కాలి: ఏ ఏటికి ఎంత నిధి, మునిగే ఊళ్లకు ఇళ్లూ పరిహారమూ ఏ తేదీకి, పొలానికి నీళ్లు ఏ ఏడాదికి. ఈ మూడూ తేలనిచోట శంకుస్థాపనకు తేదీ ఖరారు చేయకూడదు.