తొలినీరు నేలదే

తెలుగు పండితునకు కంప్యూటరు వేగముతో పనియేమని మిత్రులు అడుగవచ్చును. మా అబ్బాయి పనిచేయు చోట ఏఎస్/400 సంతతికి చెందిన యంత్రమున్నది. ఐబీఎం వారు 1988లో వెలువరించిన ఆ మధ్యతరహా యంత్రపు వారసత్వము నేడు ‘ఐబీఎం ఐ’ అను పేర సాగుచున్నది. అక్కడ పాత ఆర్‌పీజీ ప్రోగ్రామునొకదానిని జావాలో తిరిగి వ్రాసిరి. పెద్దలు ఒక్కసారి నడిపించి, గడియారము చూచి, ‘జావా మందకొడి’ అని తేల్చిరి. ఆరునెలల శ్రమ అటకెక్కినది. ఆ తీర్పు న్యాయము కాదని నా అభిప్రాయము.

ప్రోగ్రాము గాలిలో నడువదు. మెమరీలో చోటు, తెరచిన ఫైళ్లు, దోషము కలిగినపుడు ఆదుకొను ఏర్పాటు దానికి కావలెను. ఈ పరివారమునే రన్‌టైమ్ ఎన్విరాన్‌మెంట్ అందురు. దానిని సమకూర్చు ఖర్చు వేరు. అందులో పని జరుపు ఖర్చు వేరు. జావా తనకు వలసిన క్లాసులను మొదట తెచ్చుకొని, తరచు వాడు భాగములను నడచుచుండగానే యంత్రభాషలోనికి మార్చుకొనును. కావున తొలి పరుగు నెమ్మది. ఆర్‌పీజీకిని మినహాయింపు లేదు. పిలిచినపుడెల్ల కొత్త ‘యాక్టివేషన్ గ్రూపు’ను కట్టి, ముగియగానే కూల్చునట్లు అమర్చినచో అదియు చతికిలబడును.

మన డెల్టా రైతుకు ఇది తెలియని సంగతి కాదు. వేసవిలో బీటలువారిన కాలువకు ప్రకాశం బ్యారేజీ నుండి నీరు వదలినపుడు తొలినీటిని నేలయే త్రాగును. ఆనాడే కోడూరు శివారున నిలిచి ‘ఈ కాలువ పారదు’ అనుట తొందరపాటు. అట్లని బ్యారేజీ వద్ద మాత్రమే కొలిచి ‘పుష్కలము’ అన్నచో శివారు రైతు ఒప్పుకొనడు.

కనుక తొలి పరుగును వేరుగా వ్రాయవలెను. పిమ్మట పలుమార్లు నడిపి, సగటుతోపాటు అతి నెమ్మది పరుగును గూడ చూపవలెను. ప్రాసెసరు వాడిన కాలమును గడియారపు కాలమును కలుపరాదు. డిస్కు కొరకు వేచిన నేరమును భాషపై మోపరాదు. అయితే రాత్రికొక్కసారి లేచి, పని ముగించి, అణగిపోవు ప్రోగ్రామునకు తొలి పరుగే అసలు పరుగు. ఏ పనికై కొలుచుచున్నామో ముందు తెలియవలెను.

ముప్పదియేండ్లు ఒక్క మూడుగంటల పరీక్షతో పిల్లలను తూచినవాడను నేను. గంట గడచిన తరువాతగాని కలము సాగని పిల్లలు ఎందరో నా తరగతిలో ఉండిరి. వారికి నేను వేసిన మార్కులు ఇప్పుడు గుర్తునకు వచ్చుచున్నవి.