ఆ ఫైలు ఇంట్లో ఉందా, మబ్బుల్లో ఉందా?

"అక్కా, నా డిజైన్లన్నీ పోయాయే!"

పొద్దున్నే చెల్లెలి ఫోను. గొంతు నిండా ఏడుపు. తను మగ్గం వర్క్ చేస్తుంది. పదేళ్ళుగా చేసిన ప్రతి జాకెట్టునీ కస్టమర్‌కి ఇచ్చేముందు ఫొటో తీసి దాచుకోవడం అలవాటు. పెళ్ళివాళ్ళు వస్తే ముందు చూపించేది ఆ ఫొటోలే. షోరూము లేని మనిషికి అవే షోరూము. ముందురోజు ఒకావిడ వచ్చి "మా పెద్దమ్మాయి పెళ్ళికి చేశారే నెమళ్ళ చేతులు, చిన్నదానికీ అవే కావాలి" అందిట. తీరా వెతికితే ల్యాప్‌టాప్‌లో లేవు, ఫోన్లోనూ లేవు.

ఇందులో నా పాత్ర కూడా ఉంది. రెండు నెలల క్రితం ల్యాప్‌టాప్ నిండిపోయిందని తను గోలపెడితే, "పాత ఫొటోల ఫోల్డర్ తీసెయ్యవే. ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి, ఫోన్లోనూ కనిపిస్తున్నాయి కదా!" అని సలహా చెప్పిన మహాతల్లిని నేనే.

తను తీసేసింది. ల్యాప్‌టాప్‌లో పోయాయి. దాన్ని చూసి క్లౌడ్‌లోనూ పోయాయి. ఫోన్లో కనిపించినవి క్లౌడ్‌లో ఉన్నవే కాబట్టి అక్కడా పోయాయి. చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉంచి, గడువు దాటగానే అదీ ఖాళీ అయిపోయింది. ఫొటోలు తీసిన పాత ఫోనేమో ఏనాడో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాం. అంటే మూడుచోట్ల ఉన్నాయనుకున్నది మా భ్రమ. మూడుచోట్ల కనిపించాయంతే.

తను ఎవరి సేవ వాడుతోందన్నది ఇక్కడ అప్రస్తుతం. అది తన పద్ధతి ప్రకారమే పని చేసింది. ఆ పద్ధతేమిటో తెలియనిది మాకు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. పిల్లల సర్టిఫికెట్ల దగ్గర్నుంచి ఇంటి దస్తావేజుల కాపీల దాకా ఇవాళ అన్నీ ఫైళ్ళే. బీరువాలో ఏ అరలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగల మనం, కంప్యూటర్‌లో మన ఫైలు అసలు ఎక్కడుందో చెప్పగలమా?

ఒకప్పుడు ఈ ప్రశ్నకి జవాబు తేలిక. విండోస్ కంప్యూటర్ అయితే సీ డ్రైవ్, అందులో యూజర్స్, అందులో మీ పేరు, అందులో డాక్యుమెంట్స్. అదే ఫైలు చిరునామా. ఇప్పుడలా కాదు. మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ మొదలైందనుకోండి, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మీ పేరు కిందనుంచి లేచి వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్ళి కూర్చుంటాయి. పైకి పేర్లు అవే, బొమ్మలు అవే. తేడా ఏమీ తెలియదు. చిరునామా మాత్రం మారిపోతుంది. కొత్త కంప్యూటర్ మొదటిసారి పెట్టుకునేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, ఈ బ్యాకప్ చాలాసార్లు మనం పట్టించుకోకుండానే మొదలైపోతుంది.

ఆపిల్ కంప్యూటర్లలోనూ 2016 నుంచి డెస్క్‌టాప్‌నీ, డాక్యుమెంట్స్‌నీ ఐక్లౌడ్‌కి అప్పగించే ఏర్పాటు ఉంది. గూగుల్ డ్రైవ్‌ని కంప్యూటర్‌లో పెట్టుకుంటే రెండు పద్ధతులుంటాయి. ఒకదాంట్లో ఫైళ్ళు క్లౌడ్‌లోనే ఉండి, కావలసినప్పుడు మాత్రమే దిగుతాయి. రెండోదాంట్లో కంప్యూటర్‌లోనూ పూర్తి ప్రతి ఉంటుంది. మన ఇంట్లో ఏ పద్ధతి నడుస్తోందో మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

చిరునామా మారితే మారింది, ఫైలు ఉంది కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. 2017లో విండోస్‌లోకి వచ్చిన ఒక సదుపాయం వల్ల ఫైలు పేరు కనిపిస్తుంది, బొమ్మ కనిపిస్తుంది, లోపలి సరుకు మాత్రం మన కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు. డిస్కులో చోటు మిగలడానికి చేసిన ఏర్పాటు అది. మంచిదే. కాకపోతే నెట్ ఉన్నంతసేపే దాని మంచితనం. ఒక టీచరమ్మ ఇంట్లో ప్రశ్నపత్రం తయారుచేసి, నెట్ అందని బడికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళిందనుకోండి. డెస్క్‌టాప్ మీద ఫైలు నిక్షేపంగా కనిపిస్తుంది. నొక్కితే తెరుచుకోదు. లాకర్ రసీదు చేతిలో పెట్టుకుని నగ మెడలో వేసుకున్నాననుకోవడం లాంటిదే ఇది.

ఇది కనిపెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలు పక్కన చిన్న గుర్తు ఉంటుంది. నీలిరంగు మబ్బు గుర్తు ఉంటే ఫైలు క్లౌడ్‌లోనే ఉంది, మన దగ్గర లేదు. తెల్ల గుండ్రంలో ఆకుపచ్చ టిక్కు ఉంటే ప్రస్తుతానికి మన దగ్గరా ఉంది. చోటు చాలకపోతే మళ్ళీ మబ్బుల్లోకి పోవచ్చు. నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్కు ఉంటే, ఎప్పటికీ మన దగ్గర ఉంచమని మనం చెప్పినట్టు. ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అన్నది ఎంచుకుంటే ఆ మూడో గుర్తు వస్తుంది. అదే కుడి బటన్‌తో 'ప్రాపర్టీస్'లోకి వెళితే 'లొకేషన్' అని ఫైలు చిరునామా కూడా కనిపిస్తుంది.

ఇక మేం దెబ్బతిన్న అసలు విషయానికి వస్తాను. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే అద్దం. మనం తల్లో పువ్వు పెట్టుకుంటే అద్దంలోనూ ఉంటుంది, తీసేస్తే అద్దంలోనూ పోతుంది. ఒకచోట ఫైలు చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. ఒకచోట పొరపాటున మార్చితే అన్నిచోట్లా మారిపోతుంది. బ్యాకప్ అంటే పుట్టింట్లో దాచిన పెట్టె. ఇక్కడేం జరిగినా అక్కడిది అక్కడే ఉంటుంది. చిక్కేమిటంటే, చాలా కంపెనీలు అద్దానికే బ్యాకప్ అని పేరు పెట్టి మన ముందుంచుతున్నాయి. నా అభ్యంతరమల్లా ఆ పేరు దగ్గరే.

ఫోన్లో గూగుల్ ఫొటోస్ సంగతే చూడండి. 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే, క్లౌడ్‌లోకి చేరిన ఫొటోలు ఫోన్లోంచి మాత్రమే పోతాయి, క్లౌడ్‌లో ఉంటాయి. అదే యాప్‌లో 'డిలీట్' నొక్కితే రెండుచోట్లా పోతాయి. రెండూ "చోటు ఖాళీ చేసే" బటన్లే. ఒకటి సామాను అటక మీద పెట్టడం, రెండోది పాతసామాన్లవాడికి వేసెయ్యడం. తెలియక నొక్కేశామా, చెత్తబుట్టలో వెతుక్కోవడానికి కొద్ది రోజులే గడువు. బ్యాకప్ అయిన ఫొటోలకి గూగుల్ ఫొటోస్‌లో 60 రోజులు, ఇళ్ళల్లో వాడే మామూలు వన్‌డ్రైవ్ అకౌంట్‌లో 30 రోజులు. పోయిన సంగతి మనకి తెలిసేది మాత్రం అవసరం పడ్డప్పుడే కదా!

ఉచితంగా ఇచ్చే చోటుకీ ఒక హద్దుంది. గూగుల్ ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. ఫొటోలకి లెక్కలేనంత చోటు ఇవ్వడం 2021 జూన్ 1తో ఆగిపోయింది. వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీనే. అది నిండితే కొత్త ఫైళ్ళు పైకి వెళ్ళడం ఆగిపోతుంది. జీమెయిల్‌కైతే ఉత్తరాలు రావడమే ఆగిపోతుంది. కాలేజీ నుంచి రావలసిన మెయిలు ఫొటోల బరువు వల్ల రాకుండా పోయిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, అలాగే జరుగుతుంది. అప్పుడిక నెలనెలా డబ్బు కట్టడమో, ఏదో ఒకటి చెరపడమో చెయ్యాలి. కంగారుగా చెరిపేటప్పుడే మావంటి పొరపాట్లు జరిగేది.

"అయితే ఈ క్లౌడ్ గోలే వద్దు, ఆపేద్దాం" అంటారా? తొందరపడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. బీరువాలు మునిగాయి, కాగితాలు నానిపోయాయి. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఒక ప్రతి ఉంటే ఎంత ధైర్యం! ఫోను బస్సులో పోగొట్టుకున్నా, కొత్త ఫోన్లో లాగిన్ అవగానే పిల్లల చిన్నప్పటి ఫొటోలు మళ్ళీ ప్రత్యక్షమవడం క్లౌడ్ చలవే. దాన్ని తిట్టుకోవలసిన పనిలేదు.

అలాగని దాన్నే నమ్ముకుని నిశ్చింతగా ఉండడమూ కుదరదు. క్లౌడ్ అంటే నిజంగా మబ్బేమీ కాదు. ఎక్కడో ఒక భవనంలో ఉన్న కంప్యూటర్లే. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుని, ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. అందులోని 858 టెరాబైట్ల సమాచారానికి బయట ఇంకో ప్రతి లేదు. అంత పెద్ద ప్రభుత్వమే ఒక్కచోట పెట్టి దెబ్బతింటే మనమెంత?

వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపాలనుకున్నా ఆచితూచి ఆపాలి. ఆపగానే చాలా కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. గుండె గుభేల్‌మంటుంది. ఫైళ్ళు పోలేదు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి. అక్కణ్ణుంచి మనమే పాత చోటుకి తెచ్చుకోవాలి. ఇది తెలియక కంగారులో ఆ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌నే చెరిపేస్తే కథ మొదటికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మీ ఇంట్లో కంప్యూటర్ ఎవరి అకౌంట్‌తో నడుస్తోంది? చాలా ఇళ్ళల్లో దాన్ని పెట్టింది మావారో, మా అబ్బాయో అయి ఉంటారు. అకౌంట్ వాళ్ళ పేరున, పాస్‌వర్డ్ వాళ్ళకే తెలుసు, ఓటీపీ వచ్చేది వాళ్ళ ఫోనుకే. అబ్బాయి అమెరికాలో నిద్రపోతుంటే అమ్మ తన ఫైలు కోసం తెల్లవారేదాకా ఎదురుచూడాలి. వాళ్ళు ఏదైనా చెరిపినా, సెట్టింగు మార్చినా మన కష్టార్జితం మనకి తెలియకుండా మాయమవుతుంది. మన ఫొటోలూ, మన కాగితాలూ ఆ అకౌంట్ తెరిచినవాళ్ళందరి కళ్ళా పడతాయి కూడా. "నాకేం తెలుస్తుంది, వాళ్ళే చూసుకుంటారు" అనే మాట బ్యాంకు పాసుపుస్తకం విషయంలో ఎంత నష్టమో ఇందులోనూ అంతే నష్టం. అకౌంట్ మన పేరున, మన ఫోను నంబరుతో ఉండాలి. పాస్‌వర్డ్ ఒక డైరీలో రాసి బీరువాలో దాచుకున్నా నేనేం తప్పుపట్టను.

వాడకుండా వదిలేసిన అకౌంట్లదీ ఒక కథ. వరసగా రెండేళ్ళు ఎవరూ తెరవని వ్యక్తిగత అకౌంట్లని తొలగించవచ్చని గూగుల్ 2023లో నిబంధన పెట్టింది. పోయిన అమ్మ ఫోన్లోని ఫొటోలు "ఉంటాయిలే" అనుకుని వదిలేసినవాళ్ళు ఒకసారి ఆలోచించండి. మన తరవాత మన ఫైళ్ళు ఎవరికి చేరాలో ముందే చెప్పిపెట్టే సదుపాయం కూడా గూగుల్‌లో 2013 నుంచీ ఉంది.

మా చెల్లెలు ఏం చేసిందంటారా? పాత కస్టమర్లకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి "మీ జాకెట్టు ఫొటో ఉంటే కాస్త వాట్సాప్‌లో పెట్టండమ్మా" అని అడుక్కుంది. కొందరు పంపారు. కొన్నిట్లో పైట కప్పేసింది, కొన్నిట్లో జర్దోసీ కుట్టు కనపడనంత మసక. పదేళ్ళ పనిలో పట్టుమని పాతిక డిజైన్లు కూడా చేతికి రాలేదు. నెమళ్ళ చేతుల ఆవిడ మాత్రం ఆ జాకెట్టే పట్టుకొచ్చి ఇచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని చెల్లెలు మళ్ళీ మొదటి ఫొటో తీసుకుంది.

ఇప్పుడు తన ఫొటోలు ల్యాప్‌టాప్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, నెలకోసారి తీసి మా ఇంట్లో పెట్టే హార్డ్‌డిస్కులో ఒకటి. హార్డ్‌డిస్కులోకి తీసేముందు మబ్బు గుర్తున్నవాటిని నెట్ పెట్టి కిందికి దింపుకుంటుంది. ఏ ఫొటో చెరపాలన్నా ముందు హార్డ్‌డిస్కు తగిలించి, అందులో ఆ ఫొటో తెరిచి చూశాకే చెరుపుతుంది. ఆ హార్డ్‌డిస్కు మా బీరువాలో ఉంది. సలహా ఇచ్చిన పాపానికి దాని కాపలా నాకు పడింది!

ఈ ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒక్క పావుగంట కంప్యూటర్ ముందు కూర్చోండి. మీకు ప్రాణంతో సమానమైన ఫైళ్ళు ఓ పది ఎంచుకుని, వాటి పక్కన ఏ గుర్తుందో, వాటి చిరునామా ఏమిటో చూడండి. నెట్ ఆపేసి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. తెరుచుకోనివి ఎన్నో మీకే తెలుస్తుంది.