బొగ్గు రైళ్ల దారిలో గజరాజులు

బిలాస్‌పూర్: అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో మరపడవల వేగానికి కళ్లెం వేసిన ఉదంతానికీ, ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌కూ పైకి చూస్తే ఏ సంబంధమూ కనిపించదు. అయితే అక్కడ పడవల తాకిడికి బలవుతున్న మనాటీ అనే నీటి జంతువు, ఇక్కడ పట్టాలు దాటుతున్న ఏనుగుకు జీవశాస్త్ర రీత్యా దూరపు బంధువు. రెండూ శాకాహారులు. రెండూ సాధారణంగా ఈతకు ఒక్క పిల్లనే కని, చాలాకాలం వెంట ఉంచుకుంటాయి. ఒక్క ఆడ జంతువు మరణించినా ఆ లోటు త్వరగా తీరేది కాదు.

పాత బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగరీత్యా వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన బిలాస్‌పూర్, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రమైంది. కోర్బా, రాయగఢ్ ప్రాంతాల బొగ్గు ఈ జోన్ పట్టాల మీదుగానే విద్యుత్ కేంద్రాలకు తరలిపోతోంది. ఆ బొగ్గు నిక్షేపాలపై ఉన్న అడవులే ఏనుగుల ఆవాసం కావడంతో అసలు చిక్కు వచ్చింది.

దేశంలో 2009-10 నుంచి 2020-21 వరకు రైళ్లు ఢీకొని 186 ఏనుగులు మరణించినట్లు కేంద్ర పర్యావరణ శాఖ లెక్కలు తెలుపుతున్నాయి. వీటిలో అస్సాం వాటా 62, పశ్చిమ బెంగాల్‌ది 57, ఒడిశాది 27. ఛత్తీస్‌గఢ్ ఈ పట్టికలో పై వరుసలో లేదు. అక్కడి ఏనుగులకు ఇంతవరకు రైలు కంటే కరెంటు తీగే పెద్ద శత్రువు. కాబట్టి బిలాస్‌పూర్ జోన్‌ను ఇప్పుడే వేలెత్తి చూపడం తొందరపాటని వాదించేవారు ఉండవచ్చు. కానీ 2018 ఏప్రిల్ 16న హౌరా-ముంబై మెయిల్ ఢీకొని నాలుగు ఏనుగులు మరణించిన ఝార్సుగూడ ప్రాంతం, బిలాస్‌పూర్ మీదుగా సాగే ఇదే ప్రధాన మార్గంలో ఉన్నది. పైగా బొగ్గు కోసం గేవ్రా రోడ్-పెండ్రా రోడ్ మధ్య 135 కిలోమీటర్ల మార్గాన్ని, ఖర్సియా నుంచి ధరమ్‌జయ్‌గఢ్ వైపు మరో మార్గాన్ని తలపెట్టారు. కట్‌ఘోరా, ధరమ్‌జయ్‌గఢ్ రెండూ ఏనుగుల సంచారానికి పేరుపడిన అటవీ డివిజన్లే. 2021లో నోటిఫై చేసిన సుమారు 1,995 చదరపు కిలోమీటర్ల లెమ్రు ఏనుగుల రిజర్వు కూడా ఈ పరిసరాల్లోనిదే.

ఫ్లోరిడా అనుభవం ఇక్కడే పరిశీలించదగినది. ఆ రాష్ట్రం 1978లోనే మనాటీల రక్షణకు చట్టం చేసింది. 1989లో 13 కీలక కౌంటీలలో పడవల వేగానికి పరిమితులు పెట్టాలనీ, రేవులు, పడవల నిలుపుదల స్థలాలు ఎక్కడ నిర్మించవచ్చో ముందే నిర్ణయించాలనీ ప్రభుత్వం సూచించింది. పడవల యజమానులు, తీరప్రాంత స్థిరాస్తి వ్యాపారులు గట్టిగా ప్రతిఘటించినా ఫలితం కనిపించింది. 1991 గగనతల సర్వేలో లెక్కకు వచ్చినవి 1,267 కాగా, 2017 నాటికి ఆ సంఖ్యను 6,620గా అంచనా వేసి, ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితి జాబితా నుంచి ఒక మెట్టు దించారు. అయినప్పటికీ 2019లో పడవలు తగిలి మరణించినవి 130 దాటాయి. అంతకు మించిన దెబ్బ 2021లో తగిలింది. తీరప్రాంత జనావాసాల మురుగు, ఎరువుల కాలుష్యంతో నీటి అడుగున గడ్డి నశించి, అత్యధికంగా ఆకలితోనే, ఆ ఒక్క ఏడాదిలో 1,100కు పైగా మనాటీలు మరణించాయి. ఆ శీతాకాలంలో అధికారులు దాదాపు 90 టన్నుల లెట్యూస్ ఆకుకూరను నీళ్లలోకి విసిరి మేపవలసి వచ్చింది. వేగ పరిమితి పడవ నుంచి కాపాడింది గాని ఆకలి నుంచి కాపాడలేకపోయింది.

హస్‌దేవ్ అడవుల గనులపై భారత వన్యప్రాణి సంస్థ చేసిన హెచ్చరిక సారాంశమూ దాదాపు ఇదే. దేశంలోని ఏనుగుల్లో ఒక శాతం కూడా లేని ఛత్తీస్‌గఢ్‌లో, ఏనుగుల దాడుల వల్ల సంభవించే మానవ మరణాలు దేశం మొత్తంలో 15 శాతం పైబడి ఉన్నాయని ఆ సంస్థ 2021 నివేదిక పేర్కొన్నది. మేత కరువైన మంద వరి చేలపై పడుతుంది. చేను చుట్టూ దొంగ కరెంటు తీగ వెలుస్తుంది. అటు రైతు, ఇటు ఏనుగు ప్రాణాలు కోల్పోతున్నారు.

రైళ్ల మటుకు పరిష్కారాలు తెలియనివి కావు. హరిద్వార్-డెహ్రాడూన్ మార్గంలో రాజాజీ పార్కు వద్ద వేగ నియంత్రణ, రాత్రి గస్తీ, పట్టాల పక్కన ఆహార వ్యర్థాల తొలగింపు చేపట్టాక, 2002 నుంచి సుమారు పదేళ్లపాటు రైలు కింద ఒక్క ఏనుగూ మరణించలేదు. హైదరాబాద్ నుంచి నాగపూర్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై పెంచ్ అడవిలో నిర్మించిన వంతెనల కింద నుంచి 2019లో పది నెలల వ్యవధిలో 5,450 సార్లు వన్యప్రాణులు దాటినట్లు కెమెరాలు నమోదు చేశాయి.

పట్టాల వెంట ఫైబర్ తీగతో ఏనుగు అడుగుల కంపనాన్ని పసిగట్టే 'గజరాజ్' వ్యవస్థను 181 కోట్ల రూపాయలతో 700 కిలోమీటర్ల మేర నెలకొల్పనున్నట్లు రైల్వే శాఖ 2023లో ప్రకటించింది. అంటే కిలోమీటరుకు 26 లక్షల రూపాయలు. ఇదే జోన్ పరిధిలోని 240 కిలోమీటర్ల గోండియా-బల్లార్షా మార్గం డబ్లింగ్‌కు 2025 ఏప్రిల్‌లో మంజూరైన మొత్తం 4,819 కోట్లు; కిలోమీటరుకు రమారమి 20 కోట్లు. రెండింటినీ పక్కపక్కన పెడితే, ఖర్చు భరించలేమనే మాటకు నిలబడే శక్తి లేదు. కట్ట పోసేటప్పుడే వేసే అండర్‌పాస్‌కూ, రద్దీ మార్గంలో రైళ్లాపి తర్వాత తవ్వే అండర్‌పాస్‌కూ తేడా ఏ ఇంజినీరునడిగినా చెబుతారు.

ఆ గోండియా-బల్లార్షా మార్గంలోనే చంద్రపూర్ సమీపాన 2018 నవంబరులో రైలు తగిలి మూడు పులి పిల్లలు మరణించాయి. మన ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ అడవులకు పులులు వస్తున్నది అటువైపు నుంచే.