కారు ముక్కుకు జబ్బు

కిందటి నెల కుక్కరు రబ్బరు గురించి వ్రాసిన మీదట, "వంటింటి సంగతులు సరే, వాకిట్లో నిలబెట్టిన బండి మాటేమిటండీ?" అని మన సభ్యులొకరు సంఘం మెట్ల మీద నన్ను నిలదీశారు. నేను మెకానిక్కును కాను, ఫైళ్ల మధ్య కూర్చునే గుమాస్తాను. అయినా ఈ మధ్య మా బండి నాకొక పాఠం నేర్పింది. అది మీకూ పనికి రావచ్చును.

మాది 2014 నాటి పెట్రోలు కారు, సెకండ్‌హ్యాండులో కొన్నది. నెలకొకసారి అమ్మను బెంగుళూరు నుంచి కోలారు తీసుకువెళ్లి తీసుకురావడమే దాని ముఖ్యమైన ఉద్యోగం. మొన్న వేసవిలో స్టీరింగు ఎదుట పసుపుపచ్చని ఇంజను దీపం వెలిగింది. బండి నడుస్తూనే ఉన్నది గదా అని రెండు నెలలు ఊరుకున్నాను. అది నా తప్పే. చివరకు నన్ను కదిలించినది ఆ దీపం కాదు, నా పెట్రోలు లెక్కల పుస్తకం. లీటరుకు పదహారు కిలోమీటర్లు నడిచే బండి పదమూడుకు దిగింది.

షెడ్డుకు తీసుకుపోయాను. అతను చిన్న యంత్రం తగిలించి చూసి, "ఎరడూ హోగిదె సార్" అన్నాడు. రెండూ పోయాయట! ఒకటి ఆక్సిజన్ సెన్సరు, రెండవది పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టరు. అంచనా 38,000 రూపాయలు. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచిన పైకం ఇంచుమించు అంతే. పైగా బండి పొగ సర్టిఫికెట్టు గడువు ఆ నెలాఖరుకే. ఇంట్లో అడిగి చెబుతానని బండిని వెనక్కు తెచ్చాను.

ఇంతకీ ఈ సెన్సరు అంటే ఏమిటి? పొగగొట్టానికి బిగించిన ముక్కు అనుకోండి. దాని కొనలో జిర్కోనియా అనే పింగాణీ ఉంటుంది. 1976లో బాష్ కంపెనీ సెన్సరుతో వోల్వో కార్లలో ఇది మొదట వాడుకలోకి వచ్చింది. ఒక పాలు పెట్రోలు సరిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పొగలో ప్రాణవాయువు మిగలకపోతే పెట్రోలు ఎక్కువైనట్లు. అప్పుడు ఈ ముక్కు 0.9 వోల్టు దాకా చూపుతుంది. ప్రాణవాయువు మిగిలితే 0.1కి దిగుతుంది. ఆ వార్తను బట్టి కంప్యూటరు పెట్రోలును తగ్గించడం, పెంచడం చేస్తుంది. మా బండి వంటి వాటిలో, ముక్కు ఆరోగ్యంగా ఉంటే ఆ అంకె ఎప్పుడూ కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి.

అయితే సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గాని దానికి వాసన తెలియదు. త్వరగా వేడెక్కడానికి లోపల చిన్న హీటరు పెట్టారు.

ఆ ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. పాలిటెక్నిక్కు చదివినవాడు. స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు తన రీడరు తగిలించాడు. పి 0135 అని వచ్చింది. మొదటి సెన్సరు హీటరు సర్క్యూటులో లోపమని దాని అర్థం.

"అయితే సెన్సరు పోయినట్లేగా?" అన్నాను.

"కాదు మావయ్యా. ఆ సర్క్యూటులో ఎక్కడో లోపమని మాత్రమే అది చెప్పింది. ఫ్యూజు కావచ్చు, తీగ కావచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు."

ఆఫీసులో ఫిర్యాదు కాగితం వచ్చిన మాత్రాన నేరం రుజువైనట్లా? నాకు వెంటనే అర్థమైంది.

వరుసగా చూశాము. ఫ్యూజు బాగుంది. ఎక్కడా తీగ తెగలేదు. ఇంజను చల్లగా ఉండగా సెన్సరు ప్లగ్గు విప్పి, తాళం తిప్పి చూస్తే బండి వైపు నుంచి పన్నెండు వోల్టులు వస్తున్నవి. ఇక సెన్సరు వైపు. నాలుగు తీగల్లో ఒకే రంగువి రెండు హీటరువి. వాటి మధ్య మల్టీమీటరు కొద్ది ఓములు చూపాలి. మాది ఏమీ చూపలేదు. లోపల హీటరు తెగిపోయింది. దాన్ని విప్పి బాగుచేసే వీలు లేదు. కొత్తది వేయవలసిందే.

మరి కన్వర్టరు? ప్లగ్గు మళ్లీ తగిలించి, బండిని బాగా వేడెక్కనిచ్చి చూశాము. ముందున్న సెన్సరు ఆలస్యంగానైనా ఊగడం మొదలుపెట్టింది. కన్వర్టరు తర్వాత ఉన్న రెండవ సెన్సరు మాత్రం 0.7 దగ్గర నిలకడగా ఉన్నది. కన్వర్టరు పాడైతే అదీ ముందుదానిలాగే ఊగిపోయేది. అంటే కన్వర్టరుకు ఏ లోపమూ లేదు!

జె.సి. రోడ్డులో సెన్సరు 3,200 రూపాయలకు వచ్చింది. పాతది తుప్పుతో పట్టుకుపోయింది. నూనె వేసి, ఇంజను కాస్త గోరువెచ్చగా ఉండగా, తీగ దూరడానికి గాడి ఉన్న 22 మిల్లీమీటర్ల స్పానరుతో విప్పాము. కొత్తదాన్ని ముందు చేత్తో తిప్పి, మరలు సరిగా కూర్చున్నాకనే బిగించాలి. కొనను ముట్టరాదు, దానికి గ్రీజు అంటరాదు. ప్లగ్గులో కూడా గ్రీజు పూయరాదు. చాలా సెన్సర్లు ఆ తీగల వెంబడే బయటి గాలి పీల్చుకుంటాయి. దగ్గరలో సిలికాన్ పేస్టు వాడితే దాని ఆవిరి కొత్త ముక్కును కూడా చెడగొడుతుంది.

ఇంకొక్క మాట. సెన్సరుకు ముందు పొగగొట్టం చీలితే బయటి గాలి లోపలికి చొరబడి, పెట్రోలు చాలడం లేదని సెన్సరు పొరపాటు వార్త పంపుతుంది. అప్పుడు కొత్త సెన్సరు వేసినా ప్రయోజనం ఉండదు. "టప్ టప్" అనే చప్పుడు, కీళ్ల దగ్గర మసి కనిపిస్తే ముందు ఆ చీలిక మూయించండి.

నేను మొదట రీడరుతో దీపం ఆర్పించుకుని సంతోషించాను. రెండు రోజుల్లో మళ్లీ వెలిగింది. దీపం ఆర్పితే జబ్బు తగ్గదు. అలాగని నాలా నెలల తరబడి ఊరుకోనూ కూడదు. పెట్రోలు ఎక్కువగా పోయే బండిలో కాలని పెట్రోలు కన్వర్టరులో మండి, చివరికి దాన్నీ నిజంగానే కాల్చివేస్తుంది. అప్పుడు షెడ్డువాడి 38,000 అంచనా నిజమయ్యేది.

షెడ్డువాడు మోసగాడని నేను అనను, తొందరపడ్డాడు, అంతే. మీ బండికి ఇలాంటి దీపం వెలిగితే మూడు ప్రశ్నలు అడగండి: కోడు ఏది? హీటరు ఓములు కొలిచారా? రెండవ సెన్సరు నిలకడగా ఉందా? వీటికి జవాబు దొరికేదాకా జేబులో చెయ్యి పెట్టకండి.

పొగ పరీక్ష నెగ్గింది. బండి మళ్లీ లీటరుకు పదహారుకు వచ్చింది. ఫీజు వేళకు కట్టాము. మొన్న కోలారు దారిలో అమ్మ, "దీపం పోయిందేమిట్రా, బల్బు మాడిందా?" అన్నది.

వచ్చే నెల ఇన్వర్టరు బ్యాటరీకి ఏ నీళ్లు పోయాలో వ్రాస్తాను.